పాత గేమ్ మధ్యలో ఎందుకు ఆగిపోతుంది? క్యాసెట్ పిన్నుల నుంచి టెట్రిస్ 157వ లెవెల్ దాకా

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే, అయితే మొదలెట్టేద్దాం, చెప్పాల్సింది చాలా ఉంది, పైగా చివర్లో ఆ టేబుల్ మీదున్న మెషీన్లు విప్పి చూద్దామనుకున్నాం కాబట్టి కాస్త టైమ్ మిగుల్చుకోవాలి.

ఇవాళ మాట్లాడుకునేది పాత వీడియో గేమ్ క్రాష్ అయితే కారణం ఎలా పట్టుకోవాలి అని. పాత అంటే నేను ఇక్కడ నింటెండో కంపెనీ చేసిన ఎన్ఈఎస్ అనే గేమ్ మెషీన్ గురించే చెప్తాను, దానికంటే ముందు 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్, ఆ ఫ్యామికామ్‌ని చూసి చేసిన నకలు మెషీన్లు, అంటే తొంభైల్లో మన ఊళ్ళల్లో టీవీ గేమ్ అని అమ్మినవి, పసుపు క్యాసెట్ పెట్టుకుని మారియో, కాంట్రా ఆడామే, అవి. ఇవన్నీ లోపల దాదాపు ఒకే డిజైన్. 1.79 మెగాహెర్ట్జ్ మీద నడిచే ప్రాసెసర్, 2 కిలోబైట్ల ర్యామ్, బొమ్మ గీయడానికి వేరే చిప్. ఇంత చిన్న మెషీన్ కాబట్టే నాకు దీని మీద ఇంత ఇష్టం, ఎందుకంటే ఇందులో క్రాష్ అయితే కారణం చివరిదాకా వెతికి పట్టుకోవచ్చు, మధ్యలో ఎక్కడా "ఏమో, ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో చేసి ఉంటుంది" అని వదిలేయాల్సిన పని లేదు, అసలు ఆపరేటింగ్ సిస్టమే లేదు.

ఎవరైనా నా దగ్గరికి మెషీన్ తెచ్చి "హ్యాంగ్ అవుతోంది" అంటే నేను అడిగే మొదటి మాట ఒకటే: ఆగిపోయినప్పుడు తెర మీద ఏముంది, సౌండ్ ఏమైంది? చాలామంది దీన్ని పట్టించుకోరు, వెంటనే స్విచ్ ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తారు, అప్పుడు ఉన్న ఒక్క సాక్ష్యం కూడా పోతుంది. ఆపకండి. ఫోన్ తీసి ఒక ఫోటో, సౌండ్‌తో పాటు ఒక చిన్న వీడియో తీసుకోండి, ఆ తర్వాతే స్విచ్ మీద చెయ్యి వెయ్యండి.

ఎందుకంటే క్యాసెట్‌లో మామూలుగా రెండు రకాల చిప్‌లు ఉంటాయి. ఒకటి ప్రోగ్రామ్ ఉన్నది, దాన్ని ప్రాసెసర్ చదువుతుంది. రెండోది బొమ్మలు ఉన్నది, దాన్ని గ్రాఫిక్స్ చిప్ చదువుతుంది. రెండింటికీ పిన్నులు వేరువేరు. అందుకని మ్యూజిక్ చక్కగా వస్తూ, ఎగిరితే ఎగిరిన సౌండ్ వస్తూ, తెర మీద మాత్రం మారియో బదులు ఇంగ్లీషు అక్షరాలు, చెత్త గడులు కనిపిస్తున్నాయనుకోండి, ప్రోగ్రామ్ బాగానే నడుస్తోంది, బొమ్మల వైపు పిన్నులు సరిగ్గా తగలట్లేదు. అదే ఆన్ చెయ్యగానే ఒట్టి బూడిద రంగు తెర వచ్చి ఏ సౌండూ లేదంటే, ప్రోగ్రామ్ వైపు పిన్నుల్నే ముందు అనుమానించాలి. ఇక ఆడుతుండగా బొమ్మ బిగుసుకుపోయి ఒకే స్వరం "ఊఁ" అని ఆగకుండా మోగుతోందా, ప్రాసెసర్ ఎక్కడో ఇరుక్కుంది, సౌండ్ సర్క్యూట్ మాత్రం దానికి చివరిసారి ఇచ్చిన స్వరాన్నే వాయిస్తూ ఉంది, ఆపమని చెప్పేవాళ్ళు లేరు. మ్యూజిక్ మామూలుగా సాగుతూ బొమ్మ మాత్రం కదలట్లేదంటే అది ఇంకో కథ.

(సభలోంచి: సార్, మా ఇంట్లోది ఆన్ చేస్తే లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి, అలా చేస్తూనే ఉంటుంది.)

మీది అమెరికా నుంచి తెచ్చిందా? అదే అనుకున్నా. ముందు క్యాసెట్ తోసి కిందకి నొక్కే మోడల్, కదా. అందులో ఒక లాకౌట్ చిప్, అంటే నకలు క్యాసెట్లని ఆపే చిప్, ఉంటుంది, క్యాసెట్‌లో దానికి జోడీ చిప్ ఉంటుంది, రెండూ ఎప్పుడూ సిగ్నల్స్ ఇచ్చి పుచ్చుకుంటూ ఉండాలి, ఎక్కడ తేడా వచ్చినా కన్సోల్‌లోని చిప్ మెషీన్‌ని రీసెట్ చేసేస్తుంది, సెకనుకి సుమారు ఒకసారి. మీరు చూసే లైటు ఆట అదే. అది గేమ్ క్రాష్ కానే కాదు, 72 పిన్నుల కనెక్టర్ వదులైంది లేదా మురికి పట్టింది, అంతే. మన టీవీ గేమ్‌లలో, ఫ్యామికామ్‌లో ఈ చిప్ లేదు, వాటి పిన్నులు కూడా 60, కాబట్టి వాటికి ఈ రోగం రాదు. కొందరు ఆ చిప్ 4వ పిన్ను కత్తిరించేస్తారు, రీసెట్లు ఆగిపోతాయి. పని చేస్తుంది గానీ మురికి మాత్రం అలాగే ఉంటుంది కదా, అందుకే నేను ముందు శుభ్రం చెయ్యమంటాను.

శుభ్రం అంటే ఊదడం కాదు. చిన్నప్పుడు అందరం ఊదాం, ఊదిన ప్రతిసారీ పని చేసినట్టే అనిపించేది, నిజానికి అక్కడ పని చేసింది క్యాసెట్ తీసి మళ్ళీ పెట్టడం, పిన్నులు కొత్త చోట తగలడం. నోటి తడి మాత్రం రాగి మీద పచ్చగా తుప్పు పట్టిస్తుంది. నింటెండో వాళ్ళే ఊదొద్దని చెప్పారు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, చెవులకి వాడే దూది పుల్ల, అంతే చాలు. క్యాసెట్ పిన్నుల మీద పైనుంచి కిందకి తుడవండి, అడ్డంగా వద్దు. పుల్ల నల్లగా వస్తుంది, మళ్ళీ కొత్తది తీసుకోండి, తెల్లగా వచ్చేదాకా తుడవండి. గరుకు కాగితం మాత్రం దయచేసి వాడొద్దు, పైనున్న పల్చటి పూత పోతే ఇక ఆ క్యాసెట్ ఏడాదికోసారి సతాయిస్తూనే ఉంటుంది. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

పిన్నుల తర్వాత కరెంటు. ఇక్కడ ఒక్క నిమిషం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మెషీన్ ప్రాణమే పోతుంది. అమెరికా ఎన్ఈఎస్ అడాప్టర్ 120 వోల్టులకి చేసింది, అన్నయ్యో అక్కయ్యో అక్కణ్ణుంచి పంపిన దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే అడాప్టర్ కాలిపోతుంది. ఇంకోటి, ఎన్ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ, జపాన్ ఫ్యామికామ్‌కి కావాల్సింది 10 వోల్టుల డీసీ, అదీ మధ్య పిన్ను మైనస్. ప్లగ్గు పట్టింది కదా అని ఒకదానిది ఇంకోదానికి పెట్టొద్దు, ముఖ్యంగా ఎన్ఈఎస్ అడాప్టర్ ఫ్యామికామ్‌కి అస్సలు పెట్టొద్దు.

సరైన అడాప్టరే పెట్టినా పాతబడితే వోల్టేజ్ ఊగుతుంది. లోపల 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్ ఉంటుంది, వచ్చిన దాన్ని 5 వోల్టులు చేస్తుంది. మల్టీమీటర్ నల్ల వైరు మధ్య కాలికి, ఎర్ర వైరు మూడో కాలికి పెట్టి, గేమ్ ఆన్‌లో ఉండగానే చూడండి. 4.75 నుంచి 5.25 మధ్య ఉంటే పర్లేదు. దానికంటే తగ్గుతుంటే మొదటి కాలి దగ్గర చూడండి, అక్కడ కనీసం 7 వోల్టులు లేకపోతే ఆ రెగ్యులేటర్ మాత్రం ఏం చేస్తుంది పాపం, తప్పు అడాప్టర్‌దో, పక్కనున్న పెద్ద కెపాసిటర్‌దో. ఇలాంటి మెషీన్‌లో గేమ్ ఒకసారి మొదటి లెవెల్‌లో ఆగుతుంది, ఒకసారి మూడో లెవెల్‌లో, ఒకసారి గంట ఆడినా ఏం కాదు. ఒక పద్ధతంటూ ఉండదు. అలా పద్ధతి లేకపోవడమే మనకి పనికొచ్చే గుర్తు.

ఇక్కడే అసలు విషయం. క్రాష్ ప్రతిసారీ ఒకే చోట, ఒకే పని చేసినప్పుడు వస్తోందా? క్యాసెట్ తుడిచారు, కరెంటు చూశారు, ఇంకో మెషీన్‌లో పెట్టి చూశారు, ఇంకో క్యాసెట్‌తో చూశారు, అయినా అదే చోట ఆగుతోందా? అయితే చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయండి, తప్పు ప్రోగ్రామ్‌లో ఉంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి నుంచే ఉంది. దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే అందమైన ఉదాహరణ ఎన్ఈఎస్ టెట్రిస్. మిగిలిన టైమ్ అంతా దాని మీదే పెడదాం.

టెట్రిస్ అందరికీ తెలుసు. అలెక్సీ పజిట్నోవ్ 1984లో మాస్కోలో చేశారు, నింటెండో వాళ్ళ ఎన్ఈఎస్ వెర్షన్ 1989లో వచ్చింది. ఈ వెర్షన్‌కి ముగింపు లేదు, లెవెల్ పెరిగేకొద్దీ ముక్కలు వేగంగా పడతాయి, 29వ లెవెల్ దగ్గర ముక్క ఫ్రేముకి ఒక గడి చొప్పున పడిపోతుంది. సెకనుకి 60 ఫ్రేములు, తెర 20 గడుల ఎత్తు, అంటే పైనుంచి కిందకి సెకనులో మూడో వంతు. బటన్ నొక్కి పట్టుకుంటే ముక్క ఒక గడి జరిగి, 16 ఫ్రేములు ఆగి, అప్పుడు రెండో గడి, తర్వాత ప్రతి 6 ఫ్రేములకి ఒక గడి. లెక్కేసుకోండి, మూడో గడి జరగాలంటే 22 ఫ్రేములు, ఈలోపే ముక్క నేలకి తగిలేసింది. అందుకే అందరూ 29 అంటే ఆట ముగిసినట్టే అనుకున్నారు, దానికి కిల్ స్క్రీన్ అనే పేరు పెట్టారు. 2011లో తోర్ ఆకర్‌లండ్ బటన్‌ని వేగంగా కొట్టి కొట్టి 30 చేరాడు. తర్వాత 2020 దాటాక రోలింగ్ అనే పద్ధతి వచ్చింది, బొటనవేలు బటన్ మీద ఊరికే ఆనించి, మిగతా వేళ్ళతో కంట్రోలర్ వీపు మీద దరువు వేస్తారు, ఒక్కో వేలి దెబ్బకి ఒక నొక్కు. దాంతో 29 అనే గోడ కూలిపోయింది. అయితే 29 దాటాక ముక్కల వేగం ఇక పెరగదు, మనిషి చెయ్యి తట్టుకోగలిగితే ఎంతదూరమైనా వెళ్ళొచ్చు. అప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ముందుకొచ్చింది: మరి గేమ్ ఎంతదూరం తట్టుకుంటుంది?

ముందు 138వ లెవెల్ దగ్గర రంగులు పాడయ్యాయి. ముక్కల రంగులు పది సెట్లు, లెవెల్‌లోంచి పది పది తీసేస్తూ పోయి మిగిలిన అంకె సెట్ నంబర్. కానీ "పది కంటే చిన్నదా" అని చూసే చోట రాసినవాళ్ళు ఆ తేడా మైనస్సా కాదా అని మాత్రమే చూశారు. ఎనిమిది బిట్లలో, అంటే ఎనిమిది సున్నా-ఒకట్ల అంకెలో, 127 దాటితే మెషీన్ దాన్ని మైనస్ అనుకుంటుంది. 137 లోంచి 10 తీస్తే 127, బాగానే ఉంది. 138 లోంచి 10 తీస్తే 128, మైనస్ అనుకుంది, తీసివేత ఆపేసింది, ఆపేసి పట్టిక దాటి అవతల ఏముంటే దాన్నే రంగు అనుకుని చదివేసింది. అందుకే అక్కడ్నుంచి ఎవరూ అనుకోని రంగులు వస్తాయి, 148వ లెవెల్‌లో అయితే ముక్కలు దాదాపు నలుపు, నల్ల తెర మీద నల్ల ముక్కలు, ఎలా ఆడారో తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇది తప్పు విలువ. పాత గేముల్లో మనకి బాగా తెలిసిన జబ్బు, అంకె పెద్దదైపోయి గిన్నెలో పట్టక పొర్లిపోవడం. కానీ ఇక్కడ గేమ్ ఆగలేదు, రంగు మారిందంతే. క్రాష్ ఇంకా ముందుంది, దాని కారణం వేరు, అది చాలామంది ఊహించని చోట ఉంది.

2021లో స్టాక్‌రాబిట్ అనే ప్రోగ్రామ్‌తో ఈ టెట్రిస్‌ని కొద్దిగా మార్చిన వెర్షన్‌లో ఆడించారు. దానికి అలసట లేదు కాబట్టి 237వ లెవెల్ దాకా పోయింది, అక్కడ గేమ్ క్రాష్ అయింది. అప్పుడు ఆటగాళ్ళే, ఎవరి జీతం తీసుకోకుండా, గేమ్ లోపలి కోడ్ లైను లైను చదివి కారణం తేల్చారు. నేను ఆ పనిని ఎంత గౌరవిస్తానో మాటల్లో చెప్పలేను. వాళ్ళు తేల్చింది నాకు అర్థమైనంత చెప్తాను, మీలో ప్రోగ్రామింగ్ రానివాళ్ళు కూడా భయపడొద్దు.

టీవీ ఒక ఫ్రేమ్ గీయడం ముగించగానే గ్రాఫిక్స్ చిప్ ప్రాసెసర్‌ని ఆపుతుంది. "చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి రా, తెర మార్చే టైమైంది" అని. దీన్ని ఎన్ఎంఐ అంటారు. వద్దనడానికి వీల్లేని పిలుపు. ఒక పిలుపుకీ తర్వాతి పిలుపుకీ మధ్య ప్రాసెసర్‌కి దొరికేది సుమారు 29,780 సైకిల్స్, అంటే ప్రాసెసర్ గడియారపు టిక్కులు. మామూలుగా గేమ్ ఒక ఫ్రేమ్ పనంతా ఈలోపే ముగించి, చేతులు కట్టుకుని తర్వాతి పిలుపు కోసం ఎదురు చూస్తూ ఉంటుంది.

ఇప్పుడు స్కోరు. ఒక లైను తీస్తే 40, రెండైతే 100, మూడైతే 300, నాలుగైతే 1200, దాన్ని లెవెల్ ప్లస్ ఒకటితో గుణించాలి. ఈ ప్రాసెసర్‌కి గుణకారం రాదు. దీనికి మూలమైన మామూలు 6502 ప్రాసెసర్‌లో దశాంశ అంకెలతో నేరుగా కూడే సౌకర్యం ఉండేది, ఎన్ఈఎస్‌లో వాడిన రకంలో అది కూడా పని చెయ్యదు. అందుకని టెట్రిస్ రాసినవాళ్ళు గుణకారాన్ని కూడికగా చేశారు. 157వ లెవెల్‌లో ఒక లైను తీశారనుకోండి, 40ని 158 సార్లు కూడుతుంది, ప్రతిసారీ ఒక్కో అంకె పది దాటిందా, దాటితే పక్కకి ఒకటి మోయాలా అని చూసుకుంటూ. 29,780ని 158తో భాగిస్తే ఒక్కో కూడికకి 188 సైకిల్స్ వస్తాయి, అదీ ఆ ఫ్రేములో గేమ్ ఇంకే పనీ చెయ్యకపోతే. తొమ్మిదో లెవెల్‌లో పది కూడికలు, ఎవరికీ తెలీదు. 29వ లెవెల్‌లో 30, అప్పుడూ తెలీదు. 150 దాటాక స్కోరు లెక్క ఒక్కటే ఫ్రేమ్ టైమ్ మొత్తాన్ని మింగేసే స్థాయికొచ్చింది, పని ముగియకముందే తర్వాతి పిలుపు వచ్చేస్తుంది.

(సభలోంచి: వస్తే ఏమైంది సార్, ఎన్ఎంఐ పని చూసుకుని వెనక్కొచ్చి మళ్ళీ కొనసాగించొచ్చు కదా?)

చాలా మంచి ప్రశ్న తమ్ముడూ, సరిగ్గా అదే అడగాలి. నిజమే, వెనక్కి రావచ్చు, చాలాసార్లు బాగానే వస్తుంది కూడా. ఎన్ఎంఐ కోడ్ మొదట్లోనే ప్రాసెసర్ లోపలున్న మూడు రిజిస్టర్లనీ, అంటే చేతిలో ఉన్న అంకెలు పెట్టుకునే చిన్న గళ్ళనీ, దాచిపెట్టి, వెళ్ళేటప్పుడు తిరిగి పెట్టేస్తుంది. కానీ ర్యామ్ మొదట్లో రెండు బైట్లు ఉన్నాయి, తాత్కాలికంగా ఏదైనా రాసుకోవడానికి. గేమ్ తన తర్వాతి పని ఎక్కడుందో పట్టికలో చూసి, ఆ అడ్రస్‌ని ఈ రెండు బైట్లలో రాసుకుని, అక్కడికి దూకుతుంది. తెర మార్చే కోడ్ కూడా ఇదే దారిలో, ఇవే రెండు బైట్లు వాడుకుని దూకుతుంది. వాటిని మాత్రం ఎవరూ దాచలేదు. ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒకే పలక ఉండి, నువ్వు అందులో వెళ్ళాల్సిన ఇంటి నంబరు రాసుకుని చెప్పులేసుకునేలోపు తమ్ముడొచ్చి దాన్ని తుడిచి తన లెక్క రాసుకుని వెళ్ళిపోతే, నువ్వు పలక చూసుకుని ఏ ఇంటికి వెళ్తావ్? గేమ్ కూడా అలాగే వెళ్ళకూడని చోటికి దూకుతుంది, అక్కడ ఉన్నది ప్రోగ్రామో కాదో చూడకుండా అదే ప్రోగ్రామ్ అనుకుని నడిపించేస్తుంది, ఇక ఆట అయిపోయింది.

ఇందులో అందం చూశారా? విలువలన్నీ సరైనవే. స్కోరు కరెక్ట్, లెవెల్ కరెక్ట్, పొర్లిపోయిన అంకె ఒక్కటీ లేదు. తప్పు టైమ్‌ది. స్కోరు కోడ్ ఒక్కదాన్నే తీసి చదివితే తప్పు కనపడదు, ఎన్ఎంఐ కోడ్ ఒక్కదాన్నే చదివినా కనపడదు, రెండూ ఒకే క్షణంలో కలిసినప్పుడే ఉంది. అందుకే క్రాష్ వెతికేటప్పుడు "ఏ లైనులో తప్పుంది" అని మాత్రమే అడిగితే ఇలాంటివి ఎప్పటికీ దొరకవు, "ఆ క్షణంలో ఇంకా ఏమేం జరుగుతున్నాయి" అని కూడా అడగాలి, నేను ఇవాళ ఇక్కడికొచ్చింది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

ఇంకోటి గమనించండి, పిలుపు ఎప్పుడొచ్చినా క్రాష్ కాదు. రెండు బైట్లలో అడ్రస్ రాయడం మొదలెట్టి దూకేదాకా ఉన్న ఆ కాసిని సైకిల్స్ లోపలే రావాలి. అందుకే క్రాష్ అవుతుందా లేదా అన్నది ఏ లెవెల్, ఒకేసారి ఎన్ని లైన్లు తీశారు, తర్వాతి ముక్క చూపించే గడి ఆన్‌లో ఉందా లేదా, ఇలాంటి వాటి మీద ఆధారపడుతుంది, వీటిలో ఏది మారినా పని పొడుగు కొంచెం మారుతుంది కాబట్టి. ఆటగాళ్ళు వీటన్నిటికీ పెద్ద పట్టికే తయారు చేశారు, ఏ లెవెల్‌లో ఏం చేస్తే క్రాష్ అవుతుందో. అన్నిటికంటే ముందు వచ్చే అవకాశం 155వ లెవెల్‌లో, ఒకే లైను తీసినప్పుడు.

2023 డిసెంబర్ 21న అమెరికా ఓక్లహోమా రాష్ట్రంలో బ్లూ స్కూటి అనే పేరుతో ఆడే 13 ఏళ్ళ కుర్రాడు అసలైన కన్సోల్ మీద అక్కడిదాకా వెళ్ళాడు. 155 దగ్గర అవకాశం తప్పిపోయింది. 157లో ఒకే ఒక్క లైను తీశాడు, తెర బిగుసుకుపోయింది. 38 నిమిషాల పైచిలుకు ఆట. "నా వేళ్ళు నాకు తెలియట్లేదు" అన్నాడు ఆ పిల్లాడు. ఆ నెలలోనే చనిపోయిన వాళ్ళ నాన్నకి ఆ ఆటని అంకితం ఇచ్చాడు. ఈ ఎన్ఈఎస్ టెట్రిస్ వచ్చిన 34 ఏళ్ళకి ఒక మనిషి దాన్ని చివరి అంచుకి నెట్టాడు, నేను ఆ వీడియో చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ కళ్ళు చెమరుస్తాయి.

ఆ వీడియోలో తెర మీద లైన్ల సంఖ్య 1511 ఉంటుంది. దీన్ని మనం ఇక్కడే కూర్చుని సరిచూడొచ్చు. 18వ లెవెల్‌లో మొదలెడితే 19కి మారడానికి 130 లైన్లు పడతాయి, తర్వాత పదికొక లెవెల్. 19 నుంచి 157కి 138 లెవెళ్ళు, 1380 లైన్లు, మొత్తం 1510. 1511వ లైను అంటే 157లోకి అడుగుపెట్టాక తీసిన మొట్టమొదటి లైను. పట్టిక చెప్పింది, కన్సోల్ అలాగే చేసింది. ఇదే నేను మీకు చెప్పదల్చుకున్న పద్ధతి, ముందు కోడ్ చదివి "ఫలానా చోట ఆగాలి" అని చెప్పగలగాలి, తర్వాత మెషీన్ అక్కడే ఆగాలి. అప్పుడే కారణం దొరికినట్టు.

(సభలోంచి: ఇది ఎమ్యులేటర్‌లో కూడా వస్తుందా అన్నా?)

వస్తుంది, కానీ ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్, ప్రతి సైకిల్‌నీ అసలు మెషీన్ లాగే లెక్కపెట్టాలి. వేగం కోసం అటూఇటూగా లెక్కపెట్టేవాటిలో పిలుపు వేరే క్షణంలో పడి క్రాష్ రాకపోవచ్చు, లేదా ఇంకో చోట రావచ్చు. ఎమ్యులేటర్‌లో రాలేదు కాబట్టి కోడ్ మంచిదే అనేయకండి. మన టీవీ గేముల్లో సెకనుకి 50 ఫ్రేములతో నడిచేవి కూడా ఉన్నాయి, వాటిలో ఫ్రేమ్ పొడుగు వేరు, కాబట్టి క్రాష్ లెవెల్ కూడా అదే ఉంటుందని అనుకోవడానికి లేదు. ర్యామ్ సంగతి కూడా అంతే. రీసెట్ నొక్కితే పాత విలువలు ర్యామ్‌లో అలాగే ఉంటాయి, పవర్ తీసి పెడితే మారతాయి. క్రాష్ రాసుకునేటప్పుడు ముందు ఏది చేశారో కూడా రాసుకోండి.

ఇక బాగు చెయ్యడం. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, కూడికల బదులు రెట్టింపులతో గుణించడం. లెవెల్ ఎనిమిది బిట్ల అంకె కాబట్టి 158 కూడికల చోట గరిష్ఠంగా ఎనిమిది రెట్టింపులు, ఎనిమిది కూడికలు చాలు. స్కోరు లెక్క అసలు ఫ్రేమ్ దాటదు. రెండోది ఇంకా చిన్నది, ఎన్ఎంఐ మొదట్లో ఆ రెండు బైట్లని కూడా దాచి చివర్లో తిరిగి పెట్టడం. చదవడానికి 3 సైకిల్స్, దాచడానికి 3, తియ్యడానికి 4, తిరిగి రాయడానికి 3, ఒక్కో బైటుకి 13, రెండింటికీ 26. ఫ్రేముకి 26 సైకిల్స్ ఖర్చు, అంతే. ఈ క్రాష్ పోతుంది. నాకైతే రెండోదే ఇష్టం, ఎందుకంటే మొదటిది ఈ ఒక్క సందర్భాన్నే తప్పిస్తుంది, రేపు ఇంకేదైనా పని పొడుగైతే మళ్ళీ ఇదే గొడవ. రెండోది అసలు పలక గొడవే లేకుండా చేస్తుంది. రెండూ కలిపి పెడితే ఇంకా మంచిది. 2024లో కొందరు ఇంకో అడుగు వేసి, క్రాష్ అయ్యాక గేమ్ దూకే చోట తమకి కావాల్సిన కోడ్ ఉండేలా చేసి, హై స్కోర్ పట్టికలో పెట్టిన పేర్లనీ అంకెల్నీ ప్రోగ్రామ్‌గా నడిపించే దారి కూడా చూపించారు, దాని గురించి ఇంకోసారి విడిగా కూర్చుందాం.

అప్పట్లో రాసినవాళ్ళని తప్పుపట్టకండి. 29 దాటి మనిషి ఆడతాడని 1989లో ఎవరనుకున్నారు? ఉన్న చిన్న చోటులో, ఉన్న కాస్త టైమ్‌లో ఇంత గట్టి గేమ్ రాశారు, 154వ లెవెల్ దాకా క్రాష్ కాకుండా నిలబడింది.

(సభలోంచి: మాది జెల్డా క్యాసెట్, సేవ్ చేసింది పోతుంటుంది, అది కూడా క్రాషేనా?)

కాదండీ, అది బ్యాటరీ. లోపల బిళ్ళ బ్యాటరీ ఉంటుంది, సేవ్ చేసిన ర్యామ్‌ని అదే బతికిస్తుంది. మీటర్ పెట్టి చూడండి, 3 వోల్టులకి బాగా తగ్గితే మార్చాలి, మార్చితే పాత సేవ్ పోతుంది, దానికి సిద్ధపడే చెయ్యండి. ఇంకో మాట, ఆ గేమ్ ఆపేటప్పుడు రీసెట్ నొక్కి పట్టుకుని పవర్ తియ్యమని తెర మీదే రాసుంటుంది, దాన్ని పాటించండి. కరెంటు పడిపోతున్న ఆ క్షణంలో ప్రాసెసర్ పిచ్చిగా ఏదో ఒకటి రాసేస్తుంది, అది సేవ్ మీద పడితే అంతే సంగతులు. రీసెట్ పట్టుకుంటే ప్రాసెసర్ కదలదు, ఏమీ రాయదు.

సరే, ఇక మాటలు చాలు. లైటు ఆరి వెలిగే మెషీన్ తెచ్చినాయన ముందు రండి, ఆ ఆల్కహాల్ సీసా, దూది పుల్లలు ఇటు అందించండమ్మా, క్యాసెట్ స్క్రూలు 3.8 మిల్లీమీటర్లవి, మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, ఆ చిన్న డబ్బాలో బిట్ ఉంటుంది చూడండి.